వాడుక: వర్తించదు

బాలానగర్‌లో మా షెడ్డుకు పేరుబోర్డు లేదు.
నీళ్ల ట్యాంకరు ఆగే మలుపులో, చెప్పుల గోడౌను వెనక,
రేకుల కింద మూడు లేతులు,
గాజు గదిలో నేనూ, నా మైక్రోమీటరూ.

పదకొండేళ్లుగా కొలుస్తున్నాను.
వెంట్రుకను నిలువునా ఏడు పాయలుగా చీలిస్తే
అందులో ఒక్క పాయ మాకు ఎక్కువ.
అంత తేడా వచ్చినా ఎర్ర ముద్ర కొట్టి పక్కన పెట్టేస్తాను.
ఖలీల్ భాయ్ ఒక్క మాటా అనడు.
కళ్లజోడు నుదుటికి ఎత్తి, ఆ ముక్కను చెవి దగ్గర
గోటితో మీటి వింటాడు,
పుచ్చకాయ బేరమాడుతున్నట్టు.

ఈ నెల రెండు డ్రాయింగులొచ్చాయి.
రెండింట్లోనూ అదే వాల్వు, బొటనవేలంత.
అదే టైటానియం, అదే మర, అదే నునుపు.
ఒకటి తెల్ల పెట్టెలో పోతుంది.
చంద్రుడి మీద దిగే బండికని సేటు చెప్పకుండానే చెప్పాడు,
అరకిలో కోవా పంచి.
రెండోది ఆలివ్ రంగు పెట్టెలో.
దానికి కోవా రాలేదు.
కాగితం మీద ఒక గడి ఉంటుంది: ఏ వాడుకకు?
రెంటికీ ఒకటే టైపు చేసి ఉంది: వర్తించదు.

అవతలి దేశం బండి చంద్రుడి మీద కూలిన రాత్రి
ఓవర్‌టైములో ఉన్నాం.
కూలెంట్ డబ్బాకు ఫోను ఆనించి చూస్తుంటే
అంకెలు తగ్గీ తగ్గీ
ఒక దగ్గర ఊరకే నిలిచిపోయాయి.
కుర్రాళ్లు ఈలలు వేశారు.
సుదర్శన్ రేకు డబ్బా మీద తీన్మార్ అందుకున్నాడు.
నేనూ నవ్వాను. దాచడమెందుకు, నవ్వాను.
ఖలీల్ భాయ్ లేతు ఆపి నిలబడ్డాడు.
"ఆడ గూడ దాన్ని తిప్పినోడు ఎవడో ఒకడు ఉంటడు గదమ్మా.
వానికి ఇయ్యాల బుక్క దిగుతదా?"
తీన్మార్ ఆగలేదు.
కొంచెం నెమ్మదించింది, అంతే.

తర్వాతి వారం పేపర్లో మరొకటి.
ఎవరో తమ ఉపగ్రహాన్ని తామే పేల్చి చూసుకున్నారట,
గురి కుదిరిందో లేదోనని
ఇంట్లో అద్దం మీదే రాయి విసిరినట్టు.
ముక్కలు ఏళ్ల తరబడి తిరుగుతాయట.
ఏ దేశం బండినైనా చీల్చడానికి
బొటనవేలంత ముక్క చాలట.
పేపరు మడిచి
నా బొటనవేలు చూసుకున్నాను.

రంజాన్ నెలవంక కోసం ఖలీల్ భాయ్ నిచ్చెన వేశాడు.
వెనకే నేనూ రేకుల మీదికెక్కాను.
మూసాపేట వైపు పొగ, పొగ మీద మబ్బు.
నెలవంక లేదు.
ఒక చుక్క మాత్రం రెప్ప వెయ్యకుండా
ఉత్తరం నుంచి దక్షిణానికి నడిచిపోయింది.
"ఇది చూసేదా, కొట్టేదా?" అన్నాడు.
వెంట్రుకలో ఏడో పాయను పట్టుకునేదాన్ని,
చెప్పలేకపోయాను.
మసీదు మైకు ఇంకా ఏమీ అనలేదు.
పాతబస్తీలో పెద్దలు కూర్చుని తేల్చాలి,
కళ్లారా చూసినవాళ్లు ముందుకొచ్చి చెప్పాలి.
చంద్రుడి విషయంలో ఇంకా సాక్ష్యం అడుగుతున్నది
వాళ్లే అనుకుంటాను.

శనివారం తుక్కు జంగయ్య ట్రాలీ ఆటోతో వచ్చాడు.
లేతుల కింది రజను, ముంగురుల్లా చుట్టలు తిరిగినదంతా
ఒకే గోనెలోకి తొక్కాడు.
తెల్ల పెట్టెదేదో ఆలివ్ పెట్టెదేదో
చిక్కు తియ్యబోతే వేళ్లు తెగుతాయి.
పదిహేడు కిలోలు, అన్నాడు.
సేటు పద్దెనిమిది అన్నాడు.
ఆ కిలో దగ్గర చాలాసేపు పోట్లాడుకున్నారు.

అందరూ పోయాక ఆలివ్ పెట్టెలో చివరి ముక్క మిగిలింది.
మైక్రోమీటరు బిగిస్తూ, ఈ ఉద్యోగంలో మొదటిసారి,
ఒక్క పాయ ఎక్కువ రావాలని కోరుకున్నాను.
రెండుసార్లు కొలిచాను.
ముక్క చల్లబడనిచ్చి మూడోసారి.
రాలేదు.
ఖలీల్ భాయ్ చెయ్యి అలాంటిది.
ఆకుపచ్చ ముద్ర కొట్టి
లైటు తీసేశాను.